ముల్లు నుంచి మెట్రో దాకా: రికార్డ్ ప్లేయర్ మెరుగుదలలో భౌతికశాస్త్రం

ఎల్‌పీ రికార్డు మీద గాడి వెడల్పు సుమారు 50 మైక్రోమీటర్లు. అంటే సన్నని తల వెంట్రుకంత. ఆ గాడి గోడల్లో ఉన్న ఒంపులే పాట. 1 కిలోహెర్ట్జ్ స్వరాన్ని మామూలు స్థాయిలో ముద్రిస్తే, ముల్లు మధ్యరేఖ నుంచి ఒక పక్కకు జరిగే దూరం దాదాపు 8 మైక్రోమీటర్లు. అదే స్వరం నూరో వంతు కంపనంతో సన్నగా వినిపిస్తే ఆ దూరం 80 నానోమీటర్లకు పడిపోతుంది. మంచి రికార్డ్ ప్లేయర్ దాన్ని కూడా పట్టుకుంటుంది.

ఇంత సూక్ష్మమైన పని ఢిల్లీలోని మయూర్ విహార్ వంటి చోట జరగాలంటే ఏమవుతుంది? యమునకు తూర్పున, నది మేట వేసిన ఒండ్రు నేల మీద వెలసిన అపార్ట్‌మెంట్ల ప్రాంతం ఇది. 2009 నుంచి ఇక్కడ స్తంభాల మీద మెట్రో బ్లూ లైన్ నడుస్తోంది. తర్వాత పింక్ లైన్ కూడా వచ్చింది. పై అంతస్తులో పిల్లల పరుగులు, గోడల్లో 50 హెర్ట్జ్ కరెంటు, వేసవిలో దుమ్ము, జనవరిలో గదుల్లోకి దిగే చలి ఉండనే ఉన్నాయి. వీటన్నిటి మధ్యా ముల్లు గాడిలోని ఒంపును మాత్రమే చదవాలి.

పాత రికార్డుల మీద ఆసక్తి మళ్లీ పెరగడంతో, ఖరీదైన ప్లేయర్లను కొని భాగాలు మార్చుకునే అలవాటు కూడా పెరిగింది. కొత్త చేయి, కొత్త కార్ట్రిడ్జ్, వేరే పవర్ సప్లై, గ్రానైట్ పలక, వెండి తీగలు అంటూ జాబితాకు అంతు ఉండదు. వీటిలో కొన్ని నిజంగా పనిచేస్తాయి. కొన్ని ఏ తేడా చూపవు. కొన్ని ఉన్నదాన్ని చెడగొడతాయి. ఏది ఏదో తేల్చుకోవడానికి కొద్దిపాటి లెక్క చాలు.

ప్లేయర్ ఒక కొలిచే పరికరం

రికార్డ్ ప్లేయర్ చేసే పని ఒక్కటే: గాడికీ, కార్ట్రిడ్జ్ ఒంటికీ మధ్య ఉన్న సాపేక్ష కదలికను విద్యుత్తుగా మార్చడం. గాడి కదిలిందా, కార్ట్రిడ్జ్ కదిలిందా అన్నది దానికి తెలియదు. నేల కంపించి చేయి కాస్త ఊగినా అది పాటలో భాగంగానే యాంప్లిఫయర్‌కు చేరుతుంది. కాబట్టి ఏ మార్పునైనా ఒకే ప్రశ్నతో పరీక్షించవచ్చు. ఇది ఏ అనవసర కదలికను తగ్గిస్తుంది? ఆ కదలిక ఇప్పటికే ఉన్న మిగతా పొరపాట్ల కన్నా పెద్దదా, చిన్నదా? పెద్ద పొరపాటును వదిలేసి చిన్నదాన్ని సరిచేస్తే డబ్బు ఖర్చవుతుంది తప్ప వినికిడి మారదు.

ఖర్చు లేని సర్దుబాట్లు

మొదటిది ముల్లు మీద పడే బరువు. చాలా కార్ట్రిడ్జ్‌లకు ఇది 1.5 నుంచి 2.5 గ్రాముల మధ్య ఉంటుంది. వినడానికి తక్కువే. కానీ ముల్లు గాడి గోడను తాకే చోటు అతి చిన్నది కాబట్టి అక్కడ ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు పదుల కిలోల స్థాయిలో ఉంటుంది. అందుకని బరువు మరీ తగ్గించడం మంచిది అనుకుంటే పొరపాటు. బరువు చాలకపోతే బిగ్గర స్వరాల దగ్గర ముల్లు గోడను వదిలి ఎగిరి, తిరిగి గోడకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బలకు గాడి అరిగేది ఎక్కువ. తయారీదారు చెప్పిన పరిధిలో మధ్యకో, కాస్త పైకో బరువును ఉంచడం క్షేమం. ఇందుకు చిన్న డిజిటల్ త్రాసు సరిపోతుంది.

రెండోది కోణం. అసలు రికార్డును కోసే యంత్రంలో కోత ముల్లు వ్యాసార్థం వెంట సరళరేఖలో జరుగుతుంది. ప్లేయర్ చేయి మాత్రం ఒక చివర ఇరుసు మీద తిరుగుతూ చాపంలా కదులుతుంది. ఈ రెండు దారుల మధ్య తేడా వల్ల స్వరంలో వికృతి పుడుతుంది. చేతిని కొంచెం వంచి, ముల్లు పళ్లెం కేంద్రాన్ని దాటి కాస్త ముందుకు వచ్చేలా బిగిస్తే ఆ తేడా రికార్డు మీద రెండు చోట్ల సున్నా అవుతుంది, మిగతా చోట్ల రెండు డిగ్రీల అటూ ఇటూగా ఉంటుంది. ఈ జ్యామితిని 1938లో లోఫ్‌గ్రెన్, 1941లో బేర్‌వాల్డ్ లెక్కగట్టారు. నేటికీ కార్ట్రిడ్జ్ బిగించడానికి వాడే కాగితపు అచ్చులన్నీ ఆ లెక్కల మీద ఆధారపడ్డవే. కార్ట్రిడ్జ్ ఒక మిల్లీమీటరు పక్కకు బిగిస్తే, ఖరీదైన చేయి కూడా ఆ లెక్కను తప్పుతుంది.

మూడోది మట్టం. పళ్లెం ఒక పక్కకు వాలితే చేయి కూడా అటే లాగుతుంది, గాడి రెండు గోడల మీద ఒత్తిడి సమంగా పడదు. తాపీ మేస్త్రి వాడే రసమట్టంతో దీన్ని సరిచూడవచ్చు.

చేతికీ కార్ట్రిడ్జ్‌కూ జోడీ కుదరాలి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ముల్లు ఒక చిన్న రబ్బరు దిండు ఆధారంగా కదులుతుంది. ఆ దిండు స్ప్రింగులా పనిచేస్తుంది. చేయి, కార్ట్రిడ్జ్ కలిసి ఆ స్ప్రింగుకు కట్టిన బరువు. స్ప్రింగుకు కట్టిన ఏ బరువుకైనా తనదైన ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. ఆ లయలో తోపు తగిలితే ఊపు పెరిగిపోతుంది. ఇదే అనునాదం.

వంకర తిరిగిన రికార్డులు ముల్లును ఎత్తిదించే లయ ఎక్కువగా సెకనుకు 6 సార్లలోపే ఉంటుంది. సంగీతం మొదలయ్యేది 20 హెర్ట్జ్ దగ్గర. అందుకని చేతి అనునాదం ఈ రెంటి నడుమ, 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడేలా చూసుకోవాలి.

దీనికి సులువైన లెక్క ఉంది. చేయి, కార్ట్రిడ్జ్, మరల మొత్తం ద్రవ్యరాశిని గ్రాముల్లో తీసుకోవాలి. దాన్ని కార్ట్రిడ్జ్ కంప్లయెన్స్‌తో, అంటే మిల్లీన్యూటన్ బలానికి ముల్లు ఎన్ని మైక్రోమీటర్లు జరుగుతుందో ఆ సంఖ్యతో గుణించాలి. వచ్చిన దాని వర్గమూలంతో 159ని భాగిస్తే పౌనఃపున్యం హెర్ట్జ్‌లలో వస్తుంది.

టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 ఉదాహరణ చూడవచ్చు. 1979లో వచ్చిన ఈ ప్లేయర్ చేతి ప్రభావ ద్రవ్యరాశి 12 గ్రాములు. దానికి మరలతో కలిపి 6 గ్రాముల కార్ట్రిడ్జ్ బిగిస్తే మొత్తం 18. కంప్లయెన్స్ 15 అయితే ఫలితం 9.7 హెర్ట్జ్. చక్కగా కుదిరింది. అదే చేతికి కంప్లయెన్స్ 35 ఉన్న మెత్తటి కార్ట్రిడ్జ్ పెడితే 6.3 హెర్ట్జ్ వస్తుంది. ధర రెండింతలైనా సరే, రికార్డు కాస్త వంకర ఉందంటే స్పీకర్ల పొర ముందుకూ వెనక్కూ ఊగడం కంటికే కనిపిస్తుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పలు జపాన్ కంపెనీలు కంప్లయెన్స్‌ను 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి ప్రకటిస్తాయి. లెక్కకు కావలసింది 10 హెర్ట్జ్ దగ్గరి విలువ. అది సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఎక్కువ. 1960ల తొలినాళ్లలో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే అవసరాల కోసం రూపొందిన డెనన్ డీఎల్-103 కంప్లయెన్స్ కాగితం మీద 5. దాన్ని అలాగే లెక్కలో వేస్తే పై చేతితో 15 హెర్ట్జ్ దాటి వస్తుంది, పనికిరాదనిపిస్తుంది. 9గా సరిదిద్దితే 12 హెర్ట్జ్‌లోపు వస్తుంది, పనికొస్తుంది.

వేగం తప్పుతోంది ఎక్కడ?

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత పాత ప్లేయర్లు తెప్పించుకునేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. బెల్టుతో తిరిగే పాత ప్లేయర్లలో చాలావాటికి ఏసీ సింక్రనస్ మోటార్లు ఉంటాయి. వాటి వేగాన్ని నిర్ణయించేది వోల్టేజీ కాదు, కరెంటు పౌనఃపున్యం. అక్కడ అది 60 హెర్ట్జ్, మన దేశంలో 50. కనుక 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం 27.8 చుట్లే తిరుగుతుంది. షడ్జమం మూడు స్వరస్థానాలకు పైగా కిందికి జారిపోతుంది. 230 వోల్టులను 110కి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ మోటారును కాలిపోకుండా కాపాడుతుంది కానీ ఈ లోపాన్ని సరిచేయదు. ఎందుకంటే అది పౌనఃపున్యాన్ని మార్చదు. వ్యాసం 1.2 రెట్లు ఉన్న 50 హెర్ట్జ్ పుల్లీ వేసుకోవాలి, లేదా పౌనఃపున్యాన్ని తానే తయారుచేసే పవర్ సప్లై కావాలి.

మరి ఇక్కడి కరెంటు మీదే నడిచేలా చేసిన ప్లేయర్‌కు అలాంటి పవర్ సప్లై అవసరమా? మన జాతీయ గ్రిడ్ పౌనఃపున్యాన్ని 49.90, 50.05 హెర్ట్జ్ మధ్య నిలపాలన్నది నిబంధన. 49.90కి దిగినా వేగం తగ్గేది 0.2 శాతం. రెండు పక్క స్వరస్థానాల మధ్య ఉన్న దూరంలో అది సుమారు ముప్పయ్యో వంతు. ఒక్క వేగం కోసమే అయితే ఇది వేలు పోసి సరిచేయాల్సినంత తప్పు కాదు. క్వార్ట్జ్ నియంత్రణతో తిరిగే డైరెక్ట్ డ్రైవ్ ప్లేయర్లకు ఆ బెడద కూడా లేదు.

అసలు తేడా చాలాసార్లు రికార్డులోనే ఉంటుంది. మధ్యలోని రంధ్రం సరైన కేంద్రం నుంచి అర మిల్లీమీటరు తప్పితే, 100 మిల్లీమీటర్ల వ్యాసార్థం దగ్గర వేగం 0.5 శాతం పెరుగుతూ, 0.5 శాతం తగ్గుతూ ఉంటుంది. ప్రతి 1.8 సెకన్లకు ఒకసారి శ్రుతి పైకీ కిందికీ ఊగుతుంది. నాదస్వరంలో పట్టి నిలిపిన స్వరం, వీణ మీద తీగ నిలిచే చోటు ఈ ఊగును బయటపెడతాయి. ఎస్‌ఎల్-1200 ఎంకే2 మోటారుకు ప్రకటించిన వేగం హెచ్చుతగ్గులు 0.025 శాతమే. అంటే మోటారును ఇంకా మెరుగుపరిచినా, కేంద్రం తప్పిన రికార్డు ముందు ఆ మెరుగు కొట్టుకుపోతుంది. 1980ల తొలినాళ్లలో జపాన్‌కు చెందిన నకమిచి కంపెనీ గాడి అసలు కేంద్రాన్ని వెతికి రికార్డును జరిపే ప్లేయర్‌ను తయారుచేసింది ఈ కారణంతోనే.

సొంత ప్లేయర్ వేగాన్ని ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. ఫోన్‌లోని గైరోస్కోప్‌ను చదివే ఉచిత యాప్‌లు ఉన్నాయి. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం రూపొందించిన ఫైఫాక్స్ వాటిలో ఒకటి. ముల్లును పక్కన ఉంచి, ఫోన్‌ను పళ్లెం మధ్యలో పెట్టి తిప్పితే సెకనుకు 200 డిగ్రీలు, అంటే 3.49 రేడియన్లు చూపాలి.

మెట్రోకు ఒక మందు, అడుగులకు ఇంకొకటి

కంపనాలను ఆపడానికి బరువైన రాయి పెడితే చాలనుకుంటారు. నేల మీద గట్టిగా ఆనుకున్న రాయి నేలతో పాటే కదులుతుంది. వేరుచేసేది స్ప్రింగు. స్ప్రింగు మీద నిలిచిన బరువు, తన సహజ పౌనఃపున్యానికి 1.4 రెట్లు దాటిన కంపనాలనే తగ్గించడం మొదలుపెడుతుంది. దానికి కిందివాటిని యథాతథంగానో, ఇంకా పెంచో పైకి పంపుతుంది.

స్ప్రింగు పౌనఃపున్యం అది బరువుకు ఎంత కుంగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. 10 మిల్లీమీటర్లు కుంగితే 5 హెర్ట్జ్. 15.5 మిల్లీమీటర్లు కుంగితే 4 హెర్ట్జ్. రైళ్ల వల్ల నేలలో పుట్టి ఇళ్లకు చేరే కంపనాల్లో పదుల హెర్ట్జ్ భాగం ముఖ్యమైనది. 40 హెర్ట్జ్ కంపనాన్ని 4 హెర్ట్జ్ స్ప్రింగులు ఆదర్శ పరిస్థితుల్లో నూరో వంతుకు తగ్గిస్తాయి. 1961లో ఎడ్గర్ విల్చర్ రూపొందించిన ఏఆర్ ప్లేయర్, ఆ తర్వాత 1970లలో స్కాట్లండ్ నుంచి వచ్చిన లిన్ సోండెక్ ఎల్‌పీ12 పళ్లేన్నీ చేతినీ కలిపి స్ప్రింగుల మీద వేలాడదీసింది ఇందుకే. లిన్ ప్లేయర్‌కు దశాబ్దాలుగా ఒక్కో భాగమే మార్చుకుంటూ వస్తున్నవారు ఉన్నారు.

అడుగుల సంగతి వేరు. మనిషి సెకనుకు సుమారు రెండు అడుగులు వేస్తాడు. ఆ తోపులో 2, 4, 6 హెర్ట్జ్ భాగాలుంటాయి. 4 హెర్ట్జ్ స్ప్రింగులకు ఇది సరిగ్గా ఊపందించే లయ. గదిలో ఎవరైనా గబగబా నడిస్తే ముల్లు గాడి దాటి ఎగరవచ్చు. అలాంటి ప్లేయర్‌ను నేల మీది బల్ల నుంచి తీసి, బరువు మోసే గోడకు బిగించిన అలమర మీద పెడితే మేలు.

చవక చిట్కాల్లో ఒక ఉచ్చు ఉంది. ప్లేయర్ కింద గట్టి రబ్బరు ముక్కలు పెడతారు. అవి 2 మిల్లీమీటర్లు కుంగాయనుకుంటే, స్ప్రింగు లెక్క ప్రకారం వాటి పౌనఃపున్యం 11 హెర్ట్జ్. చేతి అనునాదం ఉండేదీ సరిగ్గా అక్కడే. రెండూ కలిస్తే కంపనం తగ్గకపోగా పెరుగుతుంది.

పరీక్ష సులువు. పళ్లెం ఆపి, కదలని రికార్డు మీద ముల్లును దించి, శబ్దం మధ్యస్థంగా పెట్టి అలమరను వేలితో తట్టాలి. మెట్రో వెళ్లేటప్పుడు, ఎవరైనా నడిచేటప్పుడు వినాలి. వినిపించే ప్రతి దబ్బూ పాట మధ్యలోనూ ఉంటుంది. స్పీకర్లు అదే అలమర మీద ఉంటే మొదట వాటిని వేరుచేయాలి.

మిల్లీవోల్టుల దారి

అయస్కాంతం కదిలే రకం కార్ట్రిడ్జ్ ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. తీగచుట్ట కదిలే రకం అందులో పదో వంతే ఇస్తుంది. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను పెంచుతారు. వినేటప్పుడు ఫోనో యాంప్లిఫయర్ దాన్ని తిరగేస్తుంది. 1954లో ఏకరూపం పొందిన ఆర్‌ఐఏఏ పద్ధతి ఇదే. దీని ప్రకారం 50 హెర్ట్జ్ సంకేతం 1 కిలోహెర్ట్జ్ కన్నా 7 రెట్లు ఎక్కువ పెరుగుతుంది. ఇంటి కరెంటు పౌనఃపున్యం కూడా అదే కావడం దురదృష్టం. ఎర్త్ తీగ వదులైతే, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరగా ఉంటే వినిపించే గుయ్‌మనే మోతకు కారణం ఇది. ఎర్త్‌ను సరిచేయడం, ఫోనో యాంప్లిఫయర్‌ను ట్రాన్స్‌ఫార్మర్లకు దూరం జరపడం ఖరీదైన తీగల కన్నా ముందు చేయాల్సిన పనులు.

తీగల్లో నిజంగా లెక్కకు వచ్చే గుణం ఒకటుంది. అది వెండా, రాగా అన్నది కాదు, కెపాసిటెన్స్. అయస్కాంతం కదిలే కార్ట్రిడ్జ్ ఇండక్టెన్స్ 500 మిల్లీహెన్రీలు అనుకుంటే, తీగ, యాంప్లిఫయర్‌ల మొత్తం కెపాసిటెన్స్ 250 పికోఫారడ్లతో కలిసి 14 కిలోహెర్ట్జ్ దగ్గర అనునాదం వస్తుంది. అదే 450 అయితే అది 10.6 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది. తాళాల ఘల్లు గరుకుగా మారుతుంది. పొట్టి, తక్కువ కెపాసిటెన్స్ ఉన్న మామూలు తీగ ఈ పనికి చాలు.

ముల్లు ఆకారం, ఢిల్లీ వాతావరణం

రికార్డు అంచున గాడి ముల్లు కింద సెకనుకు 51 సెంటీమీటర్లు సాగుతుంది. చివరి పాట దగ్గర 21 సెంటీమీటర్లే. అంటే అక్కడ 10 కిలోహెర్ట్జ్ స్వరం ఒక్కో అల పొడవు 21 మైక్రోమీటర్లు. 18 మైక్రోమీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రటి ముల్లు ఆ ఒంపులో ఇమడదు. పక్కల వ్యాసార్థం 8 మైక్రోమీటర్లున్న దీర్ఘవృత్తపు ముల్లు చాలావరకు ఇముడుతుంది. 1970లలో జేవీసీ నాలుగు చానళ్ల రికార్డుల కోసం నోరియో షిబాటా రూపొందించిన ఆకారం ఇంకా లోతుగా చదువుతుంది, ఒత్తిడిని గోడ మీద పొడవుగా పంచుతుంది. ప్లేయర్‌లో చెవికి స్పష్టంగా తెలిసే మార్పుల్లో ఇది ముందుంటుంది. అయితే 78 చుట్ల లక్క రికార్డులకు ఇవేవీ పనికిరావు. వాటి గాడికి సుమారు 75 మైక్రోమీటర్ల ముల్లు కావాలి.

ఎంత మంచి ముల్లైనా కొన్ని వందల గంటల నుంచి వెయ్యి గంటల లోపు అరిగిపోతుంది. అరిగిన వజ్రం పదునైన అంచుతో గాడిని చెక్కుతుంది. 10 మైక్రోమీటర్ల దుమ్ము రేణువు పై లెక్కలోని అలలో సగం పొడవుంటుంది. ముల్లు దాన్ని గోడకు నొక్కితే ఆ మచ్చ పోదు. పొడి గాలిలో వినైల్ మీద చేరే స్థిర విద్యుత్తు దుమ్మును ఇంకా లాగుతుంది. కార్బన్ పోగుల బ్రష్, డిస్టిల్డ్ వాటర్‌తో కడగడం ఇందుకు విరుగుడు. లక్క రికార్డులకు మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకూడదు. లక్క అందులో కరుగుతుంది.

చలి ప్రభావం చాలామంది గుర్తించరు. జనవరిలో హీటర్ లేని గదిలో కార్ట్రిడ్జ్ లోపలి రబ్బరు బిగుసుకుంటుంది, కంప్లయెన్స్ తగ్గుతుంది, ముల్లు ఒంపులను సరిగా వెంబడించలేదు. గదిని 20 డిగ్రీలు దాటేలా వెచ్చబరిచాక వింటే తేడా తెలుస్తుంది.

ఏది ముందు?

లెక్కలన్నీ కలిపితే వరుస ఇలా వస్తుంది. ముందు శుభ్రత, ముల్లు పరీక్ష. తర్వాత బరువు, కోణం, మట్టం. ఆపై ప్లేయర్ పెట్టే చోటు. ఆ తర్వాత చేతికి కుదిరే కార్ట్రిడ్జ్, సరైన ముల్లు. దాని వెంట ఫోనో యాంప్లిఫయర్, ఎర్త్, తీగ కెపాసిటెన్స్. మోటారు, బేరింగ్, పవర్ సప్లై చివర. ఒక్కసారి ఒక్క మార్పే చేసి, అదే పాటను ముందూ వెనకా డిజిటల్‌గా రికార్డు చేసుకుని, శబ్దస్థాయి సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా పోల్చాలి. కాస్త బిగ్గరగా ఉన్నదే బాగుందనిపించడం చెవి సహజ గుణం.

ఈ జాగ్రత్త శ్రోత సంతోషంతోనే ఆగదు. జామా మసీదు దగ్గరి మీనా బజార్‌లో దొరికే పాత రికార్డుల్లోనో, ఇంటి అటకల మీదనో ఉన్న కొన్ని కచేరీలకు, నాటకాలకు డిజిటల్ ప్రతులు లేవు. గురుగ్రామ్‌లో ఉన్న ఎథ్నోమ్యూజికాలజీ ఆర్కైవ్, 1982లో మొదలైనది, ఇలాంటి శబ్ద సంపదను భద్రపరిచే పనిలో ఉంది. శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం మార్గదర్శకాలు డిజిటల్ ప్రతికి కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు ఉండాలంటాయి. ఆ సంఖ్యలను ఇంటి కంప్యూటర్ కూడా అందుకుంటుంది. కానీ ప్రతి మంచి చెడ్డలు తేలేది అంతకుముందే, ముల్లు గాడిని తాకే చోట. అక్కడ అరిగిన ఒంపును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి చెక్కలేదు.